దొంగ దూడ

నేను దొంగతనం చేశానని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, తేదీ కూడా వేసి ఇస్తే, మా పెద్ద డాక్టరు పుచ్చుకోనన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ ఆఫీసులో ఎన్ని అర్జీలు పెట్టుకున్నానో లెక్కలేదు. కొత్త కంటైనరు కావాలని, కిటికీకి అద్దం వేయించమని, నా మోకాళ్లకి కాస్త ఎత్తు కుర్చీ ఇప్పించమని. ఒక్కటీ కాదనలేదు మహానుభావులు, అన్నీ పరిశీలనలో పెట్టారు. చేతికి అందగానే తిరిగొచ్చిన కాగితం ఇదొక్కటే.

"మీరు దొంగ కాదు మేడం," అన్నాడాయన, నన్నేదో ఓదారుస్తున్నట్టు. "రికార్డు ప్రకారం కాదు."

సంగతి మొదటినుంచీ చెప్పకపోతే, ఈవిడకి మతి చలించిందనుకుంటారు. మా ఆయన ఇప్పటికే అనుకుంటున్నాడు.

మాది అంతరించిపోతున్న పశుజాతుల్ని కాపాడే కేంద్రం. పేరు చూసి పచ్చిక మైదానాలూ అవీ ఊహించుకోకండి. జనరేటరు వెనకాల ఒక పొడవాటి గది. మోకాలెత్తు అల్యూమినియం కంటైనర్లు పదకొండు, వరసగా. వాటినిండా ద్రవ నైట్రోజన్. అందులో మునిగి స్ట్రాలు. స్ట్రా అంటే పెన్ను రీఫిల్ కంటే సన్నటి గొట్టం. ఒక్కో దానిలో ఒక ఆంబోతు వీర్యం, గడ్డకట్టించి పెట్టింది. నైట్రోజన్ ఉన్నంతకాలం నూరేళ్లయినా చెక్కుచెదరదు. ఎండిపోయిందా, పూట కూడా గడవదు.

నా పని ఆ నైట్రోజన్‌ని చూసుకోవడం. రోజూ పొద్దున్నే ప్రతి కంటైనరులోనూ నల్ల కొలబద్ద దించాలి, ముప్పై అంకెలు లెక్కపెట్టాలి, పైకి తీసి గాలిలో ఊపాలి. ఎంతవరకు తెల్లగా మంచు పడితే అంత ఉన్నట్టు. ఆ అంకె రిజిస్టరులో రాయాలి. ఇంతే. అందుకని ఆఫీసులో నా పేరు కొలబద్ద. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు.

ఏడో నంబరు కంటైనరు కాటుక ఆవులది. బూడిద రంగు, పొట్టి కాళ్లు, కళ్లచుట్టూ ఎవరో తీరిగ్గా కూర్చుని దిద్దినట్టు నల్లటి చారలు. రాళ్ల గుట్టల మీద మేస్తాయి. రెండు రోజులకోసారి నీళ్లు తాగినా కిక్కురుమనవు. ఈనడానికి డాక్టరూ అక్కర్లేదు, మందూ అక్కర్లేదు. పూటకి లీటరు పాలిస్తే గొప్ప. ఆ ఒక్క లోటుకే జనం వదిలించుకున్నారు. చివరి ఆంబోతు మూడేళ్ల కిందట పోయింది. పోయేలోపు దాని దగ్గర తీసి దాచినవి రెండు వందల పన్నెండు స్ట్రాలు. ఇక ప్రాణంతో మిగిలినవి ఆరే ఆవులు, అన్నీ ఒక్కావిడ దగ్గరే.

ఆవిణ్ని నేను పిన్నీ అంటాను. చుట్టరికమేమీ లేదు, తిట్లు తిని తిని వరస కలిసింది. మా కేంద్రం నుంచి బస్సులో గంటన్నర దూరంలో, గుట్ట వాలులో రేకుల కొట్టం వేసుకుని ఉంటుంది. ఆరు ఆవులూ వయసులో ఉన్నవే, ఆంబోతు మాత్రం లేదు. వేరే జాతి దున్నపోతులాంటి ఆంబోతుల్ని తోలుకొచ్చి "దీంతో కట్టించు, పాలు పెరుగుతాయి" అని సలహా ఇచ్చినవాళ్లందరినీ కర్ర పుచ్చుకుని తరిమింది.

"మీ దగ్గర దాచారటగా. ఒకటివ్వండి. నా ఆవు ఎదకొచ్చింది," అని మొదటిసారి వచ్చినప్పుడు, నేను సంబరంగా పెద్ద డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నిబంధనల పుస్తకం తీసి వేలుపెట్టి చూపించాడు. భద్రపరచుటకు మాత్రమే, వినియోగమునకు కాదు. వినియోగించాలంటే పైనుంచి అనుమతి రావాలి. అర్జీ పెట్టాం. ఆవు ఎదలో ఉండేది ఒక్క రోజు. జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అదైనా ఏమిటి? విషయం పరిశీలనలో ఉందని.

"ఏమే, ఆవుని కూడా పరిశీలనలో ఉండమని చెప్పనా?" అంది పిన్ని. "అది చదువుకోలేదే తల్లీ. మూడు వారాలకోసారి అరుస్తుంది, ఒక రోజు చూస్తుంది, ఊరుకుంటుంది. ఇలా నాలుగేళ్లు ఊరుకుంటే గొడ్డుపోతుంది. అప్పుడు మీరు ఆ గొట్టాలు పెట్టుకుని ఏం చేసుకుంటారు, చెవులు కుట్టుకుంటారా?"

నెత్తీ నోరూ కొట్టుకుని ఇంకో రెండు ఉత్తరాలు రాశాను. ఉలుకూ పలుకూ లేదు. పదోసారి ఆవు ఎదకొచ్చిందని పిన్ని ఫోన్ చేసినరోజు, భోజనాల వేళ అందరూ క్యాంటీనుకి వెళ్లాక, ఏడో నంబరు మూత తీసి రెండు స్ట్రాలు పట్టకారుతో లాగి, చిన్న ప్రయాణపు కంటైనరులో వేసుకుని బస్సెక్కాను. ఒళ్లో ఏమిటని కండక్టరు అడిగితే పాలు అన్నాను. జారీ కాలమ్‌లో పెద్ద డాక్టరు సంతకం కావాలి కాబట్టి రిజిస్టరులో ఏమీ రాయలేదు. అక్కడ రెండు వందల పన్నెండు అలాగే ఉండిపోయింది.

ల్యాబులోకి రాకముందు ఎనిమిదేళ్లు ఊళ్లు తిరిగి ఆవులకి చూడి కట్టే సూదులు వేసినదాన్ని. చెయ్యి ఇంకా మరిచిపోలేదు. ఆ రోజు ఎదలో ఉన్న రెండు ఆవులకీ వేశాను. ఒకటి నిలవలేదు. ఒకటి చూడి కట్టింది. ఆ కబురు వినగానే పిన్ని ఫోన్లోనే నన్ను పదినిమిషాలు తిట్టింది, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని. అంత తీయటి తిట్లు నా జన్మలో తినలేదు.

తర్వాత మా ఆయనకి హెర్నియా ఆపరేషన్. తొమ్మిది రోజులు సెలవు పెట్టాను. ఏడో నంబరు కంటైనరుకి అప్పటికే మెడ దగ్గర చెమట పడుతోంది. అంటే లోపలి చలి బయటికి కారుతోందన్నమాట. మార్చమని మూడుసార్లు రాశాను, మూడూ పరిశీలనలోనే ఉన్నాయి. అందుకే నాలుగురోజులకోసారి నైట్రోజన్ పోస్తూ ప్రాణం నిలబెడుతున్నాను. నా బదులు కొలత చూడమని స్టోరు గుమాస్తాకి అప్పగించి, చేతిలో చెయ్యి వేయించుకుని మరీ చెప్పాను. "ఏడో నంబరు జాగ్రత్త. అంకె ఎనిమిదికి తగ్గిందా, మిగతా పనులన్నీ మానేసి పొయ్యి."

"మీరు నిశ్చింతగా వెళ్లండి మేడం," అన్నాడు.

తొమ్మిది రోజులయ్యాక వచ్చి రిజిస్టరు తెరిచాను. నేను వెళ్లిన రోజున నేను రాసిన అంకె పద్నాలుగు. దాని కింద డిటో. దాని కింద డిటో. తొమ్మిది డిటోలు, ముత్యాల్లాంటి దస్తూరీ. కొలబద్ద దించాను. ముప్పై లెక్కపెట్టాను. తీసి ఊపాను. మంచు పడలేదు. మళ్లీ దించాను. అరవై లెక్కపెట్టాను. ఆరబెట్టిన గరిటెలా నల్లగా, పొడిగా వచ్చింది. చెయ్యి లోపల పెడితే చల్లగా కూడా లేదు. అక్కడే గచ్చుమీద కూలబడ్డాను.

గుమాస్తాని పిలిచి అడిగితే నీళ్లు నమిలాడు. "స్టోరు రిజిస్టరులో ఎప్పుడూ అలాగే రాస్తాం మేడం. సరుకు కదలకపోతే డిటో. ఇదీ అంతేననుకున్నాను. మూత వేసే ఉందిగా, ఎక్కడికి పోతుందిలే అని..." వాణ్ని కొట్టడానికి చెయ్యి లేచింది. కానీ ఆ మొహంలో కల్మషం లేదు. ఇరవై రెండేళ్లుగా మేకులూ, ఫినాయిలూ, కాగితం రీములూ చూసుకున్న మనిషి. కదలకుండా కూర్చున్న సరుకు ఆవిరైపోతుందని వాడికి ఎవరు చెప్పారు? నేను చెప్పాననుకున్నాను. అంకె చెప్పానుగానీ, ఎందుకో చెప్పలేదు.

పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లి ఏడ్చినంత పని చేశాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు. "స్ట్రాలు ఉన్నాయా, పోయాయా?"

"ఉన్నాయి సార్. కరిగి ఉన్నాయి."

"ఉన్నాయిగా. నైట్రోజన్ పోయండి."

"పోస్తే మళ్లీ గడ్డకడతాయి సార్, బతకవు. ఒకసారి కరిగాక..."

"అది మీ అభిప్రాయం," అన్నాడు.

నైట్రోజన్ పోశాను, ఆ రోజు అంకె పోశాకే రాశాను. పోశాక అభిప్రాయం ఏమిటో తేల్చుకుందామని మూడు స్ట్రాలు తీసి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూశాను. బతికున్న చుక్కలో ఈగలు ముసిరినట్టు ఒకటే కదలిక ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. మూడింటిలోనూ లేదు. ఇన్నాళ్లూ రోజూ కాపలా కాసింది వీటికా అనిపించి, మైక్రోస్కోపు మీద తలపెట్టుకుని ఏడ్చాను. వెళ్లి చెబితే, అనుమతి లేకుండా మూడు మోతాదులు వృథా చేశానని మెమో ఇచ్చాడు. మెమోకి ఫైలు నంబరు వేయలేదు, స్టాకు మార్చలేదు. ఆ నెలాఖరున వచ్చిన తనిఖీ బృందం మూత వేసి ఉన్న కంటైనరుని బయటినుంచి చూసి, రిజిస్టరు చదివి, రెండు వందల పన్నెండు, సురక్షితం అని రాసి వెళ్లింది.

సరే, పోయినవి పోయాయి. పిన్ని ఆవు కడుపులో ఒకటి ఉంది కదా అని గుండె రాయి చేసుకున్నాను. నెలలు నిండాక అది ఎవరి సాయం లేకుండా తెల్లవారుజామున ఈనింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. బూడిద రంగు ముద్ద ఒకటి వణుకుతూ లేచి నిలబడి నావైపు చూసింది. కళ్లచుట్టూ కాటుక. కోడెదూడ.

"తండ్రి పోలికే," అంది పిన్ని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "పొగరు కూడా అదే." ఇది ఎదిగితే మిగతా ఐదు ఆవులకీ ఆంబోతు దొరికినట్టే. స్ట్రాలూ వద్దు, అనుమతులూ వద్దు.

రెండో నెలలో చెవికి బిళ్ల వేసేవాళ్లు వచ్చారు. తండ్రి నంబరు, స్ట్రా జారీ తేదీ అడిగారు. పిన్ని దూడ మొహం చూపించింది. మొహానికి కాలమ్ లేదన్నారు. జాతి దగ్గర ఏదీ కాదు అని రాసుకుని, ఇంకో కాగితం చేతిలో పెట్టి వెళ్లారు. ఏ జాతికీ చెందని కోడెదూడలన్నిటికీ ఆరో నెలలో విత్తులు నొక్కాలట, ఇక సంతానం కలగకుండా. మేలుజాతి సంరక్షణ కోసమట. తేదీ కూడా వేశారు.

అదిగో, అప్పుడు రాశాను నా దొంగతనం కాగితం. ఫలానా తేదీన ఏడో నంబరు నుంచి రెండు స్ట్రాలు దొంగిలించాను, ఈ దూడ వాటివల్ల పుట్టింది, నాకు ఏ శిక్షయినా వేసి దూడకి కాగితం ఇవ్వండి అని. పెద్ద డాక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"మీరు రెండు తీస్తే స్టాకు రెండు వందల పది ఉండాలి. తనిఖీ బృందం రెండు వందల పన్నెండు ఉన్నాయని ధ్రువీకరించింది. కాబట్టి మీరు తీయలేదు."

"లెక్కపెట్టండి సార్! ఇప్పుడే మూత తీసి లెక్కపెడదాం!"

"మూత తీస్తే నైట్రోజన్ పోతుంది కదమ్మా," అన్నాడు. నాకే చెప్పాడు ఆ మాట. ముప్పై ఏళ్లుగా మూత వేయండిరా అని అరిచి గొంతు పోగొట్టుకున్న నాకు.

ఇంటికెళ్లి గిన్నెలు ఎత్తెత్తి పడేస్తుంటే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "అంటే నువ్వు దొంగవని ఒప్పించడానికి కూడా ఎవరిదైనా సిఫారసు కావాలన్నమాట," అన్నాడు. గరిటె విసిరాను. కుట్లు మానిన మనిషే, బాగానే తప్పుకున్నాడు.

విత్తులు నొక్కేవాళ్లు గుట్టకి రావడానికి రెండు రోజులుందనగా ఆ ఏటి తనిఖీ పడింది. ఈసారి బృందం కాదు, ఒకే ఒక్క అధికారిణి, కొత్తగా వచ్చింది. నా కూతురి వయసుంటుంది. చకచకా నడక, చేతిలో సొంత పెన్ను. పెద్ద డాక్టరు ఆవిణ్ని గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను ల్యాబులోకెళ్లి, ఏడో నంబరులోంచి స్ట్రాల గిన్నెలన్నీ పైకి లాగి, పొగలు కక్కుతుండగా తెచ్చి, టీ కప్పులు పక్కకి నెట్టి ఆ ట్రేలో కుమ్మరించాను.

"అయ్యో! చచ్చిపోతాయి!" అని పెద్ద డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"చచ్చి ఏడాది దాటింది సార్. ఇప్పుడు అంత్యక్రియలు. లెక్కపెట్టండమ్మా."

ఆ పిల్ల నన్నొకసారి చూసి, కళ్లద్దాలు సర్దుకుని, నిజంగానే లెక్కపెట్టింది. రెండేసి చొప్పున. రెండు వందల ఏడు. నేను దొంగిలించినవి రెండు, పరీక్షకి తీసినవి మూడు అని చెప్పాను. ఒక చుక్క మైక్రోస్కోపులో చూసింది. ఏమీ కదలలేదు. ఇక నాకు అంతా గెలిచేశాననిపించింది. అంత తెలివితక్కువదాన్ని నేను.

"ఎలా కదులుతాయి?" అన్నాడు పెద్ద డాక్టరు. "మన కళ్లముందే బయటికి తీసి పోసిందిగా. అంతవరకు లోపల భద్రంగా ఉన్నాయి. రిజిస్టరు చూడండి, ఒక్కరోజు కూడా పద్నాలుగుకి తగ్గలేదు." డిటోల పేజీ తీసి చూపించాడు. అధికారిణి చూసింది. తొమ్మిది డిటోలు, ముత్యాల్లాంటి దస్తూరీ.

నామీద అభియోగం అక్కడికక్కడే రాసింది ఆ పిల్ల. రెండు మోతాదుల దొంగతనం. మిగతా రెండు వందల పది మోతాదుల విధ్వంసం. ఒక అరుదైన పశుజాతి విత్తనం మొత్తాన్ని నాశనం చేయుట. విచారణ ముగిసేవరకు సస్పెన్షన్. రాస్తూ రాస్తూ తలెత్తి, "దొంగసొత్తు ఎక్కడుంది?" అనడిగింది.

"గుట్ట మీద గడ్డి మేస్తోంది," అన్నాను.

నవ్వలేదు. రాసుకుంది. సదరు దూడ సాక్ష్యంగా పరిగణించబడినందున విచారణ ముగియు వరకు దానిని ఏ మార్పునకూ గురిచేయరాదు, ఉన్నది ఉన్నట్టుగా ఉంచవలెను. నేను ఆ వాక్యాన్ని తలకిందులుగా, ఆవిడ పెన్ను కదులుతుండగానే చదివాను. ఏ మార్పునకూ. ఒక ప్రతి ఇప్పించమని అడిగి, అది పుచ్చుకుని, అదే చీరతో అదే చెప్పులతో బస్టాండుకి పరిగెత్తాను.

రెండు రోజుల తర్వాత విత్తులు నొక్కేవాళ్లు పట్టకారుతో వస్తే, పిన్ని ఆ కాగితం వాళ్ల మొహాన పెట్టిందట. మేస్త్రీ మూడుసార్లు చదివాడట. "ఇది దొంగసొత్తా?" అన్నాడట. "అవును నాయనా, ముట్టుకుంటే జైలు," అందట పిన్ని. తోక ముడిచి వెళ్లిపోయారు.

అది జరిగి మూడు నెలలు. దూడ ఎదిగి ఆవుల్ని దాటడానికి ఇంకో ఏడాదిన్నర కావాలి. ఈ లోకంలో ఏడాదిన్నర నడవని విచారణ ఉందా అని ధీమాగా ఉన్నాను. కానీ నా ఖర్మ చూడండి. జీవితమంతా నత్తల మధ్య పనిచేశాను, తీరా చివరికి నా ఫైలు ఆ చకచకల పిల్ల చేతిలో పడింది. విచారణ అధికారి కూడా తనేనట. మొదటి వారంలోనే ఫోన్. "మీరేం బెంగపడకండి, పదిహేను రోజుల్లో తేల్చేస్తాను." ముగిశాక దూడ సంగతేమిటని అడిగాను. దొంగతనం జారీ కిందికి రాదు కాబట్టి కాగితం ఇవ్వడం కుదరదట, మామూలు దూడలాగే చూస్తారట. ఆపరేషన్ అయిన భర్తకి తిరగబెట్టిందని అబద్ధం రాసి మొదటి వాయిదా పుచ్చుకున్నాను. మా ఆయన నాలుగు రోజులు పడుకుని మూలగడానికి కూడా ఒప్పుకున్నాడు, పాపం.

నిన్న మధ్యాహ్నం స్టోరు గుమాస్తా మా ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. చేతిలో కాగితం. తను కొలత చూడలేదని, తొమ్మిది రోజులూ డిటో కొట్టానని, కంటైనరు అప్పుడే ఎండిపోయిందని, తప్పు తనదేనని రాశాడు. సంతకం పెట్టాడు.

"నిద్ర పట్టట్లేదు మేడం. ఊళ్లో అందరూ మిమ్మల్ని... ఆ జాతిని చంపిన మనిషి అంటున్నారు. రేపు ఇది ఆ అధికారిణికిచ్చేస్తాను. ఇచ్చిన మర్నాడే మీమీది పెద్ద నేరం కొట్టేస్తారు, కేసు ముగిసిపోతుంది."

ఆ మాట కోసం మూడు నెలలుగా కాచుకున్నాను. ఒక్కరైనా నోరు విప్పి, చంపింది నేను కాదని చెబుతారేమోనని. ఆ కాగితం చదువుతుంటే అక్షరాలు మసకబారిపోయాయి. మడతపెట్టి తిరిగి వాడి జేబులో పెట్టాను.

"ఇప్పుడు కాదు," అన్నాను. "ఏడాదిన్నర ఆగి ఇవ్వు."

"అప్పటికి మీరు రిటైరైపోతారు మేడం. ఆ మచ్చతోనే."

"తెలుసు. నోరు మూసుకుని ఆగు."

వాడు తెల్లమొహం వేసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడక్కడ ఏడో నంబరుకి కొలత వాడే చూస్తున్నాడట. ఆ చచ్చిన స్ట్రాలని సాక్ష్యం కింద మళ్లీ లోపల పెట్టారు. రోజూ కొలబద్ద దించి, ముప్పై లెక్కపెట్టి, సరిగ్గా రాస్తున్నాడట. కొత్త కంటైనరు కూడా వచ్చిందట.

పొద్దున పిన్ని ఫోన్ చేసింది. కోడె కంచె విరగ్గొట్టి పక్కవాడి పొలంలో పడిందని, దొంగబుద్ధి ఎక్కడికి పోతుందని నన్ను తిట్టింది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఇంకా నడుస్తోందిగా నీ కేసు?" అనడిగింది. నడుస్తోంది పిన్నీ అన్నాను. ఫోన్ పెట్టేసి, రెండో వాయిదా అర్జీ రాయడానికి కూర్చున్నాను. పేరు రాశాను, హోదా రాశాను. కారణము అన్న చోట కాసేపు పెన్ను ఆగింది. తర్వాత డిటో అని రాసి సంతకం పెట్టాను.